పచ్చని నగరం అంటే ఏమిటి? – కోపెన్‌హాగెన్ వుదాహరణ

"పచ్చని నగరం" అనే మాట ఈ రోజుల్లో ప్రతి మునిసిపాలిటీ బోర్డు మీదా కనిపిస్తూనే వుంది. రోడ్డు మధ్యన నాలుగు వరసలు కోనోకార్పస్ మొక్కలు నాటి, ఫ్లైఓవరు స్తంభాలకు ఆకుపచ్చ రంగు వేస్తే పచ్చదనం వచ్చేసినట్టేనని చాలామంది అభిప్రాయం. రైతు యింట్లో పుట్టినవాడిని కాబట్టి నాకు ఆ లెక్క మింగుడు పడదు. చేను బాగుందో లేదో రోడ్డు మీద నిలబడి యెవరూ చెప్పరు. గట్టు దిగి, దుబ్బు పీకి, వేరు చూసి చెబుతారు. నగరాన్ని కూడా అట్లాగే చూడాలి. దాని చెత్త యేమవుతూంది? వాడగా మిగిలిన వేడి యెక్కడికి పోతూంది? కుళాయిలో నీళ్ళు యెవరి పొలం కింద నుంచి వస్తున్నాయి? వూరు పెరగడానికి యెవరి నేల పోయింది? ఇవి అడగకుండా నగరాన్ని మెచ్చుకోవడం, పెళ్ళికూతురి నగలు చూసి సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిది.

ఈ ప్రశ్నలు వేసి చూడటానికి డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌ను యెంచుకున్నాను. 2014లో ఐరోపా హరిత రాజధానిగా యెన్నికైన నగరమిది. ఆ వూరు నేను చూడలేదు. చదివినదే కూర్చి రాస్తున్నాను. అయితే మన అధ్యాపకులు సదస్సులకు వెళ్తూంటారు, పూర్వ విద్యార్థులు వుద్యోగాల మీద ఐరోపాలో తిరుగుతూంటారు. అట్లా వెళ్ళినవారి కాలమంతా సాధారణంగా మీటింగు హాలు, మ్యూజియం, హోటలు భోజనం, బజారు – వీటిలోనే గడిచిపోతుంది. ఆ తిరుగుడులోనే పై ప్రశ్నలకు జవాబులు దొరికే వూరు ఇది.

కోపెన్‌హాగెన్ అనే పేరుకు అర్థం వర్తకుల రేవు అని. జీలాండ్, అమాగర్ అనే రెండు ద్వీపాల మీద విస్తరించి వుంది. నగరపాలిక పరిధిలో జనాభా సుమారు ఆరున్నర లక్షలు. అంటే మన విజయవాడ కంటే చిన్నదే. ఈ దేశం పుట్టుకతోనే పర్యావరణ భక్తి గలది కాదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించేనాటికి డెన్మార్కు వాడే యింధనంలో సుమారు తొంభై పాళ్ళు దిగుమతి చేసుకున్న చమురే. ఆ శీతాకాలంలో ఆదివారాలు కార్లు నడపడం నిషేధించవలసి వచ్చింది. చలికి వణికిన తరవాతనే లెక్కలు మొదలుపెట్టారు. అవసరం నేర్పిన చదువు అది.

విమానం దిగగానే స్టేషను. డ్రైవరు లేని మెట్రో రైలు పగలూ రాత్రీ నడుస్తూనే వుంటుంది. ఇది 2002లో మొదలైంది. నగరం చుట్టూ తిరిగే వలయపు లైను 2019లో వచ్చింది. పెద్ద సభలు జరిగే బెల్లా సెంటరుకు కూడా మెట్రో స్టేషను వుంది. టాక్సీ అవసరం లేదు. 2009 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి వాతావరణ మహాసభ జరిగింది ఆ హాల్లోనే. ప్రతినిధులకు సీసా నీళ్ళు కాకుండా కుళాయి నీళ్ళు పెట్టారు. కానుకల సంచీలు పంచడం మానేసి ఆ సొమ్ము విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు మళ్ళించారు. ఇంత చేసినా లిమోజిన్ కార్లలోనూ, ప్రత్యేక విమానాలలోనూ దిగిన పెద్దలను చూసి పత్రికలు యెగతాళి చేశాయి.

ఆ సభలో మన దేశం తరఫున ప్రధాని మన్‌మోహన్ సింగ్, పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ పాల్గొన్నారు. జైరాం రమేశ్ అప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యులు. భారత్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా ఒక జట్టుగా కూర్చుని అమెరికాతో బేరం కుదుర్చుకోగా వచ్చిన ఒడంబడికను మహాసభ ఆమోదించలేదు, "గమనించాము" అని మాత్రమే రాసుకుంది. భూగోళపు వేడి పెరుగుదల రెండు డిగ్రీలు దాటకూడదన్న మాట, పేద దేశాలకు 2020 నాటికి యేటా పదివేల కోట్ల డాలర్లు సమకూర్చాలన్న మాట ఆ కాగితంలోవే. ఆ డబ్బు గడువు నాటికి పూర్తిగా అందలేదు. సభ జరిగిన వూరు పచ్చగా వున్నంత మాత్రాన సభ ఫలించదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక వేడి సంగతి. నా దృష్టిలో ఈ నగరంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చిత్రమేమిటంటే చూడటానికి వెళ్ళినవాడికి కంటికి కనిపించదు, భూమిలో వుంటుంది.

మనం బి.యస్సీ. మొదటి యేడాదిలోనే కార్నో చక్రం చదువుకున్నాం. బొగ్గు మండించి ఆవిరితో టర్బైను తిప్పితే, వచ్చిన వేడిలో సుమారు నూటికి నలభై పాళ్ళే విద్యుత్తు అవుతుంది. మిగతా అరవై పాళ్ళు చల్లని పక్కకు వదలక తప్పదు. ఇది రెండవ థర్మోడైనమిక్ సూత్రం విధించిన పన్ను. మన థర్మల్ కేంద్రాల దగ్గర కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచే ఆవిరి ఆ అరవై పాళ్ళే. కోపెన్‌హాగెన్‌లో ఆ వేడిని ఆకాశానికి వదలరు. దానితో నీళ్ళు కాచి, వేడి ఆరకుండా తొడుగు వేసిన గొట్టాల ద్వారా యింటింటికీ పంపుతారు. ఆ నీళ్ళు గదులు వెచ్చబరిచి, చల్లబడి, మళ్ళీ కాగడానికి వెనక్కి వస్తాయి. విద్యుత్తూ వేడీ కలిపి చూస్తే యింధనంలో సుమారు తొంభై పాళ్ళు వుపయోగపడుతుంది. నగరంలోని కట్టడాలలో నూటికి తొంభై ఎనిమిదింటికి వెచ్చదనం ఈ గొట్టాల నుంచే అందుతోంది. యింటికో పొయ్యి, పొయ్యికో పొగగొట్టం అక్కడ లేవు.

ఈ ఆలోచన పాతదే. నగరం నడుమనే వేరే పురపాలికగా వున్న ఫ్రెడెరిక్స్‌బెర్గ్‌లో 1903లోనే చెత్త కాల్చిన వేడితో ఆస్పత్రిని వెచ్చబరిచారు. 1979లో వేడి సరఫరా చట్టం వచ్చాక వీధి వీధికీ గొట్టాలు వేశారు. మనకు దేవుడిచ్చిన యెండే చాలు, గొట్టాలతో వేడి తెచ్చుకునే గతి పట్టలేదు. కానీ ఇదే సూత్రాన్ని తిరగేసి, 2010 నుంచి సముద్రపు నీటితో చల్లబరచిన నీళ్ళను నగరం నడిబొడ్డున వున్న హోటళ్ళకూ, దుకాణాలకూ గొట్టాలలో పంపుతున్నారు. ప్రతి కిటికీకీ ఒక ఏ.సి. పెట్టె వేలాడేసే మనవాళ్ళు చదవవలసిన పాఠం అది.

చెత్త కాల్చే కేంద్రాన్ని అమాగర్ ద్వీపంలో 2017లో కొత్తగా కట్టారు. గంటకు 35 టన్నులు కాల్చే కొలుములు రెండున్నాయి. బ్యార్కె ఇంగెల్స్ అనే వాస్తుశిల్పి దీని పైకప్పును వాలుగా కట్టి, మంచు బల్లల మీద జారుకుంటూ దిగే ఆట స్థలంగా మలిచాడు. అది 2019లో తెరిచారు. గోడకు యెగబాకేవాళ్ళకు 85 మీటర్ల యెత్తు. వూరి చెత్త కుప్ప మీద జనం ఆదివారం షికారు చేయడం వింతే గదా! మనం డంపింగ్ యార్డు పక్క నుంచి బస్సు వెళ్తూంటే ముక్కు మూసుకుంటాం.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, కొలుములు వూరి చెత్తకు మించిన పెద్దవై పోయాయి. వాటిని నడపడానికి బయటి దేశాల నుంచి చెత్త తెప్పించుకోవలసి వచ్చింది. చెత్త తగ్గించాలని ఒక పక్క ప్రచారం, కొలుముకు చెత్త చాలటం లేదని మరో పక్క బెంగ. రెండవది మనకు సంబంధించినది. మన చెత్తలో అరటి తొక్కలు, అన్నం, కూరగాయల పొట్టు యెక్కువ. దానికి తేమ జాస్తి. ఒక కిలో నీటిని ఆవిరి చెయ్యడానికే సుమారు 2260 కిలోజౌళ్ళు కావాలి. తడి చెత్తను మండించబోతే ఆ చెత్త యిచ్చే వేడిలో మంచి భాగం దాని నీళ్ళు ఆర్చడానికే సరిపోతుంది. అక్కడి యంత్రాన్ని ఇక్కడికి తెచ్చి బిగించినంత మాత్రాన పని జరగదు. మన తడి చెత్తకు తగినవి పెంటకుప్ప, గోబర్ గ్యాస్ లాంటి పద్ధతులే. ఈ సంగతి చెప్పడానికి డెన్మార్కు నుంచి నిపుణుడు రానక్కర లేదు, మా నాయనమ్మ చాలు.

వూరి దక్షిణపు అంచున అవెడోర విద్యుత్కేంద్రం వుంది. అక్కడ ఒక బాయిలరు గోధుమ గడ్డితో మండుతుంది. చుట్టుపక్కల రైతులు కోత అయ్యాక గడ్డి మోపులు కట్టి అమ్ముతారు. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ వుండటం చేత బాయిలరు గొట్టాలు త్వరగా తుప్పు పడతాయి. అందుకని ఆవిరి వేడిమిని అదుపులో వుంచుకోవాలి. మా వైపు కోతమిషను వచ్చిన దగ్గర నుంచి గడ్డి వాము వేసేవాళ్ళు తగ్గిపోయారు. గడ్డి చేలోనే తగలబెడుతున్నారు. అక్కడి రైతుకు డబ్బు తెచ్చే గడ్డి, ఇక్కడి రైతుకు అగ్గిపుల్ల ఖర్చు! ఇకపోతే అక్కడి కేంద్రాలు బొగ్గు మాని వాడుతున్న కట్టె ముద్దలు చాలావరకు పరాయి దేశాల అడవుల నుంచి వస్తాయి. వాటి పొగను లెక్కలో సున్నాగా వేసుకోవడం న్యాయమేనా అని శాస్త్రవేత్తలలోనే వాదం నడుస్తోంది. చెట్టు కాలడానికి గంట, మళ్ళీ పెరగడానికి నలభై యాభై యేళ్ళు. ఆ లెక్క సున్నా అని నాకు తోచదు.

2025 నాటికి కర్బన ఉద్గారాల నికర లెక్క సున్నా చేసుకున్న మొట్టమొదటి రాజధాని కావాలని ఈ నగరం 2012లో తీర్మానించుకుంది. 2022లో, ఆ గడువుకు అందుకోలేమని వాళ్ళే చెప్పేశారు. అమాగర్ చెత్త కొలుము పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి వుంచే యంత్రానికి ప్రభుత్వ ధనసహాయం దొరకకపోవడం అందుకు ముఖ్య కారణం. 2005తో పోల్చితే ఉద్గారాలు సగానికి మించి తగ్గాయి గనుక ఓడిపోయారనలేం. గడువు తప్పామని బాహాటంగా చెప్పడమే నాకు నచ్చింది.

సంస్కృతి పేరిట అందరూ 1843లో తెరిచిన టివోలీ వుద్యానానికి వెళ్తారు. వెళ్ళండి. కానీ సైన్సు విద్యార్థికి ఆ వూరే ఒక మ్యూజియం. 1820లో ఆయిర్‌స్టెడ్ అనే ఆచార్యుడు విద్యుత్తు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించింది ఈ వూళ్ళోనే. ఆ ముల్లు కదలిక నుంచి పుట్టిన శాస్త్రంతోనే ఈనాడు రేవుకు మూడున్నర కిలోమీటర్ల దూరాన సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ గాలిమరలు తిరుగుతున్నాయి. 2000లో నిలబెట్టిన ఆ యిరవై మరల శక్తి 40 మెగావాట్లు. కట్టినప్పుడు వాటిలో సగం విద్యుత్ సంస్థవి, మిగతా సగం ఒక సహకార సంఘానివి. అందులో యెనిమిది వేలకు పైగా మామూలు జనం వాటాలు కొన్నారు. మరలు కళ్ళముందు తిరుగుతూంటే అడ్డు చెప్పవలసిన జనమే వాటి యజమానులయ్యారు.

నీల్స్ బోర్ సంస్థ 1921 నుంచీ అక్కడే వుంది. కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీ 1875లో నెలకొల్పిన ప్రయోగశాల గురించి తక్కువ మందికి తెలుసు. పి.హెచ్. కొలమానాన్ని 1909లో సోరెన్సెన్ ప్రతిపాదించింది అందులోనే. నత్రజనిని కొలిచే పద్ధతిని 1883లో కెల్డాల్ కనిపెట్టిందీ అందులోనే. భూసార పరీక్షకు మన్ను పొట్లం కట్టి యిస్తే వచ్చే కార్డు మీద మొదట వుండే అంకె పి.హెచ్. మా నాన్నకు ఆ అంకె తెలుసు, పుట్టిన వూరు తెలియదు. నేను చెబితే, "బీరు కంపెనీ వాళ్ళదా!" అని నవ్వాడు.

బజారుకు పోదాం. స్ట్రోయెట్ అనే పెద్ద బజారు వీధి సుమారు కిలోమీటరు పొడవు. 1962 నవంబరులో అందులోకి కార్లు రాకుండా ఆపేశారు, ముందు పరీక్షగా. కార్లు రాకపోతే బేరాలు పోతాయని దుకాణదారులు గగ్గోలు పెట్టారు. చలి దేశంలో వీధిలో నడిచేదెవరని పత్రికలు వెక్కిరించాయి. జనం నడిచారు, బేరాలు పెరిగాయి, 1964లో ఆ యేర్పాటు శాశ్వతమైంది. యాన్ గేల్ అనే ఆయన వీధుల్లో నిలబడి యెంతమంది నడుస్తున్నారు, యెంతమంది కూర్చుంటున్నారు అని లెక్కలు రాసి, దాన్నొక శాస్త్రం చేశాడు. సైకిళ్ళకు విడిగా గట్టు కట్టిన దారులున్నాయి. నోర్రెబ్రో వీధిలో గంటకు యిరవై కిలోమీటర్ల వేగంతో తొక్కితే వరసగా అన్నీ పచ్చ దీపాలే తగులుతాయి. ఉద్యోగానికో చదువుకో సైకిలు మీద వెళ్ళే నగరవాసులు సగానికి మించే వుంటారు. మన దగ్గర సైకిలు తొక్కేది పాలవాడూ, తాపీ కూలీ. వాళ్ళకోసం ఒక్క అడుగు దారి కూడా విడిచిపెట్టలేదు.

అక్కడ సీసా పానీయం కొంటే ధరతోపాటు ఒకటి మొదలు మూడు క్రోనర్ల దాకా పూచీ సొమ్ము కడతాం. ఖాళీ సీసా దుకాణంలోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. దీన్ని "పాంట్" అంటారు. వాళ్ళ భాషలో తాకట్టుకు కూడా అదే మాట. పదింట తొమ్మిదికి పైగా సీసాలు, డబ్బాలు తిరిగి వస్తాయి. గోలీ సోడా సీసా కొట్టు దాటనివ్వని మన బడ్డీ కొట్టువాళ్ళకు ఈ విద్య యెప్పుడో తెలుసు, ప్లాస్టిక్ సీసా వచ్చి దాన్ని మరిపించింది. అమ్ముడుపోని తిండి వస్తువులను తక్కువ ధరకు అమ్మే వీఫుడ్ అనే దుకాణం 2016లో తెరిచారు. హోటళ్ళలో మిగిలిన తిండిని ఫోను ద్వారా చవగ్గా అమ్మే సంస్థ ఒకటి 2015లో ఈ వూళ్ళోనే పుట్టి చాలా దేశాలకు పాకింది.

భోజనం విషయంలో 2003లో పెట్టిన నోమా హోటలు పేరు లోకమంతా మోగింది. మనలాంటివాళ్ళం ఆ ధరలు చదివి తృప్తి పడవలసిందే. రై గింజల నల్ల రొట్టె మీద చేపో, గుడ్డో, బంగాళాదుంపో పరిచి తినేది వాళ్ళ మామూలు తిండి. మన జొన్నరొట్టెకు దూరపు చుట్టమనుకోవచ్చు. నాకు హోటళ్ళకంటే నగరపాలిక వంటశాలలు ముఖ్యంగా తోచాయి. బడులు, వృద్ధాశ్రమాలు వంటి చోట్ల వండే తిండిలో తొంభై పాళ్ళు రసాయనాలు లేని సేద్యం పంటే వుండాలని నియమం పెట్టుకుని దాదాపు అక్కడిదాకా చేరారు. సరుకుల ఖర్చు పెంచలేదు. వంటవాళ్ళకు శిక్షణ యిచ్చి, మాంసం తగ్గించి, కాలానికి దొరికే కూరలు వాడి, పారబోత తగ్గించి ఆ డబ్బు సర్దారు. మన హాస్టలు మెస్సులో రాత్రి పారబోసే అన్నం చూసినవారికి ఇది యెంత పెద్ద ఆదాయమో వేరే చెప్పనక్కర లేదు. అక్కడి రైతుకు కలిగిన లాభమేమిటంటే, బడి వంటశాల స్థిరమైన గిరాకీ. ధర పడిపోతుందేమోనని తెల్లవారుజామున యార్డులో కూర్చుని యెదురుచూడనక్కర లేదు.

అక్కడి కుళాయి నీరు భూగర్భ జలం. గాలి పట్టించి, యిసుకలో వడకట్టడమే గాని క్లోరిన్ కలపరు. గొట్టాలలో కారిపోయేది నూటికి పది పాళ్ళ లోపే. ఇంత శుద్ధమైన నీటిలో 2017లో ఒక మందు అవశేషం బయటపడింది. క్లోరిడజాన్ అనే కలుపు మందును 1964 నుంచి 1996 దాకా బీట్ దుంప చేలలో చల్లారు. ఆపేసిన యిరవై యేళ్ళకు, అది విరిగి యేర్పడిన పదార్థం దేశమంతటా బావులలో కనిపించింది. చల్లిన రైతుల్లో చాలామంది సేద్యం మానేసి వుంటారు, నీటిలోని మందు మాత్రం మిగిలింది. పత్తికీ, మిరపకూ మనం చల్లుతున్నవి యే యేటికి యెవరి గ్లాసులో తేలతాయో మన దగ్గర కొలిచేదెవరు? రసాయన శాస్త్రం చదివే మన మిత్రులకు జీవితకాలపు పని వుంది ఇందులో.

చివరగా నేల సంగతి. 1947లో ఆ నగరం పెరుగుదలకు ఒక పథకం గీశారు. అరచెయ్యి పాత నగరం. దాని నుంచి అయిదు వేళ్ళలాగా రైలు దారుల వెంటనే యిళ్ళు పెరగాలి. వేలికీ వేలికీ మధ్య పొలాలు, అడవి, చెరువులు అట్లాగే వుండాలి. పేరే "వేళ్ళ పథకం". 2007లో దానికి దేశపు చట్టబలం కూడా చేకూర్చారు. అందుచేత నగరంలో యెక్కడ వున్నవాడైనా కాసేపు సైకిలు తొక్కితే పచ్చటి నేల తగులుతుంది.

మా వూరికీ టౌనుకీ మధ్య ఆరు కిలోమీటర్లు. నా చిన్నప్పుడు అది మొత్తం మాగాణి. ఇప్పుడు సరిహద్దు రాళ్ళు, సిమెంటు ఆర్చీలు. ప్రతి వెంచరు పేరులోనూ "గ్రీన్" అనే మాట వుంటుంది. రాళ్ళు పాతేటప్పుడు పంట కాలువ పూడ్చేశారు. దానితో కింద వున్న మా రెండెకరాలకూ, మరో పది కుటుంబాల చేలకూ నీరు అందడం లేదు. వరుసగా రెండు సార్వాలు బీడు పెట్టుకున్నాం. మూడో యేడు అమ్మక తప్పదని మా చిన్నాన్న అంటున్నాడు. అమ్మితే అక్కడ కూడా "గ్రీన్" బోర్డు లేస్తుంది. పొలం చావడానికి బుల్డోజరు దాని మీదికే రానక్కర లేదు, యెగువన కాలువ పూడితే చాలు. నగరం యెక్కడ ఆగాలో ముందే గీత గీయకపోతే యిట్లాగే అవుతుంది.

ఆ గీత అక్కడ కూడా పవిత్రంగా లేదు. నగరానికి పడమట 1967 నుంచి పెంచుతున్న అడవికి రైతుల పొలాలే కొన్నారు. మెట్రో రైలు అప్పు తీర్చడానికి అమాగర్‌లో నేల అమ్ముతున్నారు. ఆ ద్వీపంలో గడ్డి మైదానంలో ఒక ముక్కను యిళ్ళ కోసం వదలడానికి 2021లో నగరసభ అనుమతించింది. జనం యేళ్ళ తరబడి వూరేగింపులు తీసినా ఆగలేదు. అంటే, మనం మెచ్చుకుంటూ యెక్కే ఆ మెట్రో టికెట్టులో కొంత పచ్చిక కూడా కలిసి వుందన్నమాట.

అందుచేత సదస్సుకు వెళ్ళే మన అధ్యాపకులకూ, అక్కడ వుంటున్న పూర్వ విద్యార్థులకూ ఒక కోరిక. ఒక పూట బజారు మానుకుని, కోయె వైపో, ఫ్రెడెరిక్‌సుండ్ వైపో వెళ్ళే లోకల్ రైలు యెక్కి వేలి కొసదాకా వెళ్ళండి. ఆగస్టులో అయితే గోధుమ, బార్లీ కోతల రోజులు. దిగి, రెండు వేళ్ళ మధ్య వున్న ఆ చేలు ఈనాడు యెవరి పేరున వున్నాయో, కౌలు యెంతో, వాళ్ళ పిల్లలు సేద్యం చేస్తామంటున్నారో లేదో అడిగి వచ్చి మాకు చెప్పండి. వచ్చే యేటి సంచికలో వేసుకుంటాం.